ధూమాసురుడి గొంతు

రాక్షసులంటే ప్రాణం పెట్టే మనుషుల్ని ఒక్కచోట చూడాలంటే ఆ ఆదివారం పొద్దున విశాఖపట్నంలో, బీచ్ రోడ్డుకి రెండు వీధుల వెనకున్న చిన్న ప్రివ్యూ హాలుకి వెళ్లి ఉండాల్సింది. హీరోల కోసం తలలు పగలగొట్టుకునే అభిమానులు ఊరూరా ఉంటారు. వీళ్లది వేరే తెగ. పాత జానపద సినిమాల్లో హీరో కత్తికి బలైపోయే భూతాలకీ, కొమ్ముల మృగాలకీ, గుహలు కాసే బ్రహ్మరాక్షసులకీ వీళ్లు అభిమానులు. సంఘం పేరు అసుర మిత్రమండలి. దాని అధ్యక్షుడు ముత్యాల కనకారావు బతుకుతెరువుకి బీమా పాలసీలు చేయిస్తాడు, బతకడానికి రాక్షసుల గురించి మాట్లాడతాడు. పాలసీ కట్టినవాళ్లకి ఆ రెండోది కూడా తప్పదు.

'రాక్షసుల ఊపిరి' అనే డాక్యుమెంటరీ అప్పుడే అయిపోయింది. లైట్లు వెలిగాయో లేదో, హాలంతా చేపల బజారైపోయింది.

"రెండు తలల రాక్షసుడి రెండో తలకాయ 'ఒరేయ్, నా కాలు తొక్కకురా' అంది, విన్నారా? చిన్నప్పట్నుంచీ చూస్తున్నానండీ ఆ సినిమా! లోపల ఇద్దరున్నారని నాకివాళే తెలిసింది."

"నీటిభూతం పాపం టీ అడుగుతూనే ఉన్నాడండీ. హీరోయిన్ని భుజాన వేసుకుని పరిగెడుతూ కూడా టీయే!"

"ఆవిడకి బరువు తగ్గమని కూడా చెప్పాడు. అది మీరు సరిగ్గా వినలేదు."

పైడితల్లి వెనక వరసలో తన యంత్రం పక్కన కూర్చుని నవ్వుకుంటోంది. ఆ రాక్షసులందరికీ గొంతులు తెచ్చింది ఆ యంత్రమే. పాత సినిమాల్లో రాక్షసుల గర్జనలన్నీ తర్వాత స్టూడియోలో కలిపినవి. షూటింగులో తొడుగు లోపలి మనిషి ఏం మాట్లాడాడో ఎవరూ రికార్డు చేయలేదు, ఎవరూ వినలేదు. జనరేటర్ల రొదా, పెద్ద ఫ్యాన్ల హోరూ, దర్శకుడి మైకూ కలిసిన గోలలో వినబడేది కూడా కాదు. ఇప్పుడు ఆ మాటలు వినబడుతున్నాయి.

యంత్రం పేరు శ్రావణి. పైడితల్లి నాన్న నర్సయ్య దాన్ని మనవరాలంటాడు. "పెళ్లి సేసుకోవే అంటే మరమనిషిని కన్నాది మా గుంట" అని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్విస్తుంటాడు. నిజానికి శ్రావణి సినిమాల కోసం పుట్టింది కాదు. కేన్సరొచ్చి స్వరపేటిక తీసేసిన రోగుల కోసం పైడితల్లి దాన్ని ఏళ్ల తరబడి తన లేబరేటరీలో తయారు చేసింది. మాట పెగలకపోయినా, మాట్లాడాలని ప్రయత్నించినప్పుడు మెడ మీద చర్మం వణుకుతుంది. ఆ వణుకుని కెమెరాతో చూసి శ్రావణి మాటగా మార్చేస్తుంది. మొదట దాని ముందు కూర్చున్నది హార్బరులో చేపలు వేలం పాడే సోంబాబు. రెండేళ్లుగా నోరు లేని మనిషి. లేబరేటరీ అంతా ఊపిరి బిగబట్టి చూస్తుంటే అతను భార్య వైపు తిరిగి అన్న మొదటి మాట, "పులుసులో ఉప్పెక్కువేస్తన్నావే, రోజూనూ." ఆవిడ ఏడుస్తూ నవ్వింది. పైడితల్లి కూడా అంతే.

అదే రోజు ఇంకో వింత జరిగింది. సోంబాబు మాటల మధ్యలో శ్రావణి ఎవరిదో ప్రార్థన కూడా వినిపించింది. గదిలో ఎవరూ పైకి ప్రార్థించలేదు. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, పక్కన నిలబడ్డ ఆ భార్య కప్పుకున్న ఊలు శాలువా ఫ్రేములో పడింది. ఆవిడ పెదవుల మీద గొణిగిన మాటలకి ఆ ఊలుపోగులు వణికాయి. శ్రావణి ఆ పోగుల్ని కూడా చదివేసింది. ఒక్కో పోగు ఒక్కో ముక్కే చెబుతుంది, వేల పోగులు కలిస్తే మాటవుతుంది. ఈ సంగతి విన్న డాక్యుమెంటరీ దర్శకుడు భద్రరాజు భీమవరం నుంచి పరిగెత్తుకొచ్చాడు. "డాక్టరుగారూ, ఒళ్లంతా బొచ్చున్నవాళ్లయితే ఇంకా బాగా వినిపిస్తుందా?" అని అడిగాడు. మొదట ఆమెకి అర్థం కాలేదు. అర్థమయ్యాక పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఎందుకంటే అలాంటి బొచ్చు తొడుక్కుని పేరు తెచ్చుకున్న మనిషి ఆమె ఇంట్లోనే ఉన్నాడు.

గొర్లె నర్సయ్య ముందు వరసలో, మిత్రమండలివాళ్లు కప్పిన శాలువాలో ముడుచుకుని కూర్చున్నాడు. 'ఏడు గవ్వల కోట'లో ధూమాసురుడు ఆయనే. జడలు కట్టిన నల్లటి బొచ్చు, ముక్కుల్లోంచి పొగ, ఎర్రటి గాజుకళ్లు. యాభై ఏళ్ల కిందటి ఆ సినిమాలో హీరో ఎవరో చాలామంది మరిచిపోయారు గానీ ధూమాసురుణ్ణి మరిచిపోలేదు. ముఖ్యంగా అతని చావుని. కత్తిపోటు తిన్నాక తూలి, ఎడం చేత్తో మూడుసార్లు గుండె మీద బాదుకుని కూలిపోతాడు. అసుర మిత్రమండలి వాళ్లకి అదే నమస్కారం. ఇద్దరు సభ్యులు ఎదురుపడితే గుండె మీద మూడు దెబ్బలు వేసుకుంటారు. కనకారావు తన పెళ్లిలో తలంబ్రాలయ్యాక పీటల మీదే ఆ నమస్కారం పెట్టాడు. మామగారు ఇప్పటికీ క్షమించలేదు.

"అన్నీ బాగున్నాయి గానీ రాజుగారూ," కనకారావు లేచి నిలబడ్డాడు, "ధూమయ్య చావుసీను పెట్టకుండా రాక్షసుల మీద సినిమా ఏంటండీ? ఆ నడకే మారిపోతుంది చివర్లో! అంతవరకూ విలాసంగా నడిచినవాడు, ఆ ఒక్క సీనులో మాత్రం భారంగా, అడుగులు వెతుక్కుంటూ నడుస్తాడు. నటనంటే అదీ."

"దొరికిన కాపీల్లో ఆ సీను అలికేసినట్టుందండీ. బొచ్చు కనబడితే గదా శ్రావణి వినేది," అన్నాడు భద్రరాజు. ఆ తర్వాత మీసాల్లో నవ్వాడు. "నిన్నటిదాకా సంగతి అది."

మిత్రమండలి సభ్యుడు, అనకాపల్లి ఖాదర్‌వలీ తెచ్చిన రీలు గురించి అప్పుడు చెప్పాడు. మూతపడ్డ టాకీసు గోదాములో దొరికిందట, చెక్కు చెదరని రీలు. స్కానింగు కూడా అయిపోయింది. శ్రావణికి ఇంకా చూపించలేదు. కనకారావు పట్టు పట్టి చూపించనివ్వలేదు. మొదటాట పడకముందు ఎవరూ చూడకూడదు, చూస్తే అందరూ కలిసే చూడాలి, అది అభిమానుల ధర్మమని అతని వాదన. మిత్రమండలి పేజీలో లైవ్ కూడా పెట్టేశాడు. ముందుగా తనొక్కతే విని చూసుకోవాలన్న ఆలోచన పైడితల్లికి వచ్చింది. కానీ అందరి మొహాల్లో ఆ సంబరం చూసి కాదనలేకపోయింది. ఏముంటుంది అందులో? మహా అయితే నాన్న బొచ్చు దురద పుడుతోందని ఎవర్నో తిడుతుంటాడు.

"ఆ సీనెందుకులే బాబూ ఇప్పుడు," అన్నాడు నర్సయ్య. "పాతదయిపోనాది. ఒగ్గీండి."

పెద్దాయన మొహమాటానికి అందరూ చప్పట్లు కొట్టారు. లైట్లు ఆర్పేశారు.

తెర మీద గుహ. పొగ. పొగలోంచి ధూమాసురుడు వచ్చాడు. రీలు ఎంత శుభ్రంగా ఉందంటే ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టుకోవచ్చు. హీరో కత్తి దూశాడు. చీకట్లో ఎడం చేతులన్నీ గుండెల మీదికి వెళ్లాయి. తెర మీద మొదటి దెబ్బ పడింది, హాల్లో అరవై చేతులు దానితో పాటే పడ్డాయి. స్పీకర్లలోంచి సన్నగా, ఇసక రాలుతున్న చప్పుడు మధ్యలోంచి, ఒక గొంతు వచ్చింది.

"నర్సిగా..."

అందరూ గొల్లుమని నవ్వారు. "తన పేరు తానే పిలుచుకుంటున్నారేంటండీ!" అన్నాడు కనకారావు.

"నర్సిగా, ఊపిరాడతలేదురా. ఇప్పరా."

రెండో దెబ్బ. ఈసారి హాల్లో సగం చేతులే పడ్డాయి.

"కన్నాలు అందతలేవురా... ఇప్పండ్రా... బాబూ, బేగిప్పండ్రా..."

మూడో దెబ్బ తెర మీద మాత్రమే పడింది. దానితో పాటు మాట లేదు. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఒక చప్పుడొచ్చింది, అంతే. నలభై ఆరేళ్లుగా వింటున్న గొంతు విషయంలో పైడితల్లి పొరపాటు పడదు. అది నాన్న గొంతు కాదు. ఆ తొడుగులో ఉన్నది వేరే మనిషి. ఆ మనిషి నటించడం లేదు.

"ఆపీయమ్మా," అన్నాడు ముందు వరసలోంచి నర్సయ్య. లేచి నిలబడ్డాడు. శాలువా కింద పడిపోయింది, చూసుకోలేదు. "ఆపీయే. నీకు దణ్ణం పెడతాను, ఆపీ."

ఆమె ఆపేసింది. లైట్లు వేశాక కూడా చాలాసేపు ఎవరూ ఎవరి మొహం చూడలేదు. ఒకమ్మాయి చెయ్యి ఇంకా గుండె మీదే ఉండిపోయింది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చూసుకుని, మెల్లగా చీర కొంగులో దాచుకుంది.

"అంటే... మనం ఇన్నాళ్లూ..." అని కనకారావు ఆగిపోయాడు. కుర్చీలో కూలబడ్డాడు. "నేను మా పాపకి నేర్పించానండీ అది. ఫొటోలు తీసేటప్పుడు అలాగే కొట్టుకుంటుంది. మూడేళ్ల పిల్ల."

"మిషను తప్పు చెప్పుండొచ్చు," అన్నారెవరో.

"టీ అడిగినప్పుడు తప్పు చెప్పలేదు గదండీ మిషను!" ఖాదర్‌వలీ కసురుకున్నాడు. ఆ రీలు తెచ్చినందుకు తన చేతుల్ని తనే చూసుకుంటున్నాడు.

ఇంకొకాయన ఆ సీను ఇక ఎక్కడా వేయకూడదన్నాడు. మరొకరు, వేయకుండా దాచేస్తే అప్పుడు దాచినవాళ్లకీ మనకీ తేడా ఏమిటన్నారు. భద్రరాజు మాత్రం గోడకానుకుని, తెల్లబోయిన మొహంతోనే, "ఇది లేకుండా నా సినిమా లేదు," అన్నాడు. అనేశాక తన మాటకి తనే ఉలిక్కిపడ్డాడు. అంతలో కనకారావుకి గుర్తొచ్చింది. పరుగున వెళ్లి ఫోను తీశాడు. లైవ్ ఇంకా నడుస్తూనే ఉంది. చూసినవాళ్లు అప్పటికే దాన్ని ముక్కలు చేసి పంచుకుంటున్నారు.

పైడితల్లి నాన్నని చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన నడవడం లేదు, కాళ్లు ఈడ్చుకుంటూ వస్తున్నాడు. కారులో కూర్చున్నాక అడిగింది.

"ఎవరు నాన్నా?"

"దాలినాయుడు."

పైడితల్లికి ఆ పేరు తెలుసు. దాలినాయుడంటే, నాన్న సొంత చెల్లెల్లా చూసుకునే గౌరమ్మత్త భర్త. నాన్నా అతనూ ఒకే ఊరి నుంచి మద్రాసు పోయి స్టంట్ల గుంపులో చేరారు. హిందీ సినిమాల మోజులో పెళ్లాన్ని వదిలేసి బొంబాయి పారిపోయిన మనిషి. చిన్నప్పట్నుంచీ పైడితల్లి విన్నది అదే. గౌరమ్మత్త నోట అయితే తిట్లతో సహా విన్నది.

"ఆవేళ నాకు జొరం," అన్నాడు నర్సయ్య, అద్దంలోంచి రోడ్డు చూస్తూ. "నిలబడ్డానికి లేదు. 'బొచ్చు కింద నువ్వో నానో ఎవుడికి తెలుస్తాదిరా, నానేసుకుంటాన్లే' అన్నాడు దాలిగాడు. ఆ ముసుగు నా మొగం అచ్చు తీసి సేసినారు. గాలికన్నాలు నా ముక్కుకి సరిపోతాయి. ఆడి మొగం పెద్దది. తొడిగితే కన్నాలు ఆడి సెంపల మీదికి పోనాయి కావాల. నోటికాడ కొంచెం గాలొస్తాది. పొగొదిల్నాక అదీ లేదు."

"తీసెయ్యొచ్చు కదా నాన్నా?"

"ఎనక మెడకాడ కుట్టీసీవోరమ్మా. మనంతట మనం ఇప్పుకోలేం. అందుకే గుర్తెట్టుకున్నాం. గుండి మీద ఎడం సేత్తో మూడు దెబ్బలేస్తే, ఊపిరాడతలేదు ఇప్పీండని. అంతకుముందోరోజు నానలాగ కొట్టుకుంటే డైరెక్టరుగారు సూసినారు. 'భలే ఉందయ్యా, ఇది సావుసీనులో పెట్టీ' అన్నారు. పెట్టీసినారు. ఇంకో గుర్తు సెప్పుకుందారని మాకెవుడికీ తోచలేదు."

రక్షించమని పెట్టుకున్న సైగ నటనలో భాగమైపోయింది. ఇక ఆ లోపలి మనిషి ఎంత గట్టిగా కొట్టుకుంటే అంత బాగా నటిస్తున్నట్టు.

తర్వాతి కథ ఆయన ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ముసుగు కోసి తీసేసరికి అంతా అయిపోయింది. బయటికి పొక్కితే సినిమా ఆగిపోతుందన్నారు కంపెనీవాళ్లు, గుట్టుగా మద్రాసులోనే దహనం చేయించేశారు. నర్సయ్య నిజం చెప్పాలనే ఊరికి వచ్చాడు. వాకిట్లోకి గౌరి నీళ్లచెంబుతో ఎదురొచ్చి, నవ్వుతూ, "మీవోడేడన్నా?" అంది. పద్దెనిమిదేళ్ల పిల్ల, పెళ్లయి ఏడాది కాలేదు. "నోటికేదొస్తే అదనీసినాను. బొంబాయి పోనాడన్నాను. మర్నాడు సెప్దారనుకున్నాను."

ఆ మర్నాడు రాలేదు.

కారు ఇంటి వైపు తిప్పలేదామె, లేబరేటరీకి పోనిచ్చింది. అత్తకి ఫోనులో ఎవరో చూపించేలోగా తనే వెళ్లి చెప్పాలి. చెప్పేముందు ఆ సీనులో ఇంకేముందో తనకి తెలియాలి. తెలియకుండా వెయ్యడం ఎంత పొరపాటో పొద్దున్నే చూసింది.

ఆదివారం కావడంతో లేబరేటరీలో ఎవరూ లేరు. సోంబాబు పంపిన ఎండుచేపల పొట్లం బల్ల మీద అలాగే ఉంది. పైడితల్లి తలుపు వేసి, నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని, సీను మొదట్నుంచీ నడిపింది. మూడో దెబ్బ అయ్యాక ధూమాసురుడు వెల్లకిలా పడతాడు. హీరో ఆ గుండెల మీద కాలు పెట్టి, ధర్మం గురించి పెద్ద డైలాగు చెబుతాడు. చిన్నప్పుడు ఆ డైలాగు ఆమెకి కంఠతా వచ్చు. ఇప్పుడు డైలాగు తీసేసి, ఆ కాలి కింది బొచ్చుని మాత్రమే వింటోంది. మాటలు లేవు. ఊపిరి ఉంది. లాగి లాగి, ఆగి ఆగి, చిన్నదైపోతున్న ఊపిరి. హీరో "అధర్మానికి అంతం ఇదే" అనేసరికి ఆ వెంట్రుకల్లో వణుకు పూర్తిగా ఆగిపోయింది. కెమెరా ఇంకా తిరుగుతూనే ఉంది.

అయితే అంతకు ముందు, ఊపిరికీ ఊపిరికీ మధ్య, వేరే గొంతొకటి పడింది. దూరం నుంచి, కుర్రగొంతు, జ్వరంతో బొంగురుపోయి ఉన్నా సంతోషంగా ఉంది.

"శెభాష్‌రా దాలిగా! శెభాష్!"

ఆ బొచ్చు బయటి చప్పుళ్లకి కూడా వణికింది. శాలువా ప్రార్థనని విన్నట్టే ఆ చచ్చిపోతున్న మనిషి మీది బొచ్చు నాన్న మెచ్చుకోలుని విని దాచుకుంది. నర్సయ్య రెండు చేతులూ చెవుల మీద పెట్టుకున్నాడు. ఆ మాట ఆయన కారులో చెప్పలేదు.

"నాకంటే బాగా సేస్తన్నాడనుకున్నానమ్మా," అన్నాడు. "నిజంగా అలాగే అనుకున్నాను."

ఆ ఒక్క మాటనీ తీసెయ్యడం శ్రావణికి చిటికెలో పని. ఎవరికీ తెలియదు కూడా. పైడితల్లి వేలు మీట దాకా వెళ్లింది. ఆ వేలు తనదే అని నమ్మలేకపోయింది. యంత్రం కట్టిందే నోరు లేనివాళ్ల మాట నలుగురికీ వినబడాలని. ఇప్పుడు మొట్టమొదటిసారి ఒక మాట వినబడకూడదని కోరుకుంటోంది. అదీ తన తండ్రి మాట. చెయ్యి వెనక్కి తీసుకుంది. తీసెయ్యలేదు, ఉంచాలని గట్టిగా నిర్ణయించుకోనూ లేదు. యంత్రాన్ని పెట్టెలో సర్దుకుని బయల్దేరింది.

గౌరమ్మ ఇల్లు కంచరపాలెంలో. సాయంత్రపు ఎండలో అరుగు మీద కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. అరవై ఎనిమిదేళ్లు. నుదుట రూపాయంత బొట్టు, చేతుల నిండా ఆకుపచ్చ గాజులు. ఆ గాజులు ఏటా పైడితల్లి అమ్మవారి పండక్కి నర్సయ్యే తెచ్చి ఇస్తాడు, అన్నగారి హోదాలో. పైడితల్లి ఆ గాజుల వైపు చూడలేకపోయింది.

"ఏటే, తండ్రీ కూతుళ్లిద్దరూ సావుకొచ్చినట్టొచ్చినారు?" అంది గౌరమ్మ నవ్వుతూ. "బేగి అన్నమొండుతాను, కూకోండి."

పైడితల్లి లోపలికి తీసుకెళ్లి, మంచం మీద కూర్చోబెట్టి, చేతులు పట్టుకుని చెప్పింది. దాచకుండా చెప్పింది. అత్త ఏడుస్తుందనుకుంది, పడిపోతుందనుకుంది, గ్లాసుతో నీళ్లు కూడా దగ్గర పెట్టుకుంది. గౌరమ్మ ఏడవలేదు. వింటున్నంతసేపూ కూతురి లాంటి ఆ పిల్ల మొహం వైపు కాకుండా, గుమ్మంలో నిలబడ్డ నర్సయ్య వైపే చూసింది.

"అయితే ఆడు బొంబాయి ఎల్లనేదా?"

"లేదత్తా."

"నన్నొగ్గీసి పోనేదు."

"లేదు."

గౌరమ్మ తన చేతులు పైకెత్తి గాజులు చూసుకుంది. "మరి ఇయ్యేటి నర్సన్నా? ఏటేటా తెచ్చి నా సేతికిచ్చినావు. సచ్చిపోనోడి పెళ్లాన్నని తెలిసీ తెచ్చినావా?"

నర్సయ్య గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

"గాజులు పోతే పోనీ. బొట్టు పోతే పోనీ," గౌరమ్మ గొంతు అప్పుడు లేచింది. "తెల్లారి లెగిస్తే ఆణ్ణి తిట్టకుండా నాకు ముద్ద దిగీది కాదు. ఆడి కాళ్లిరగాలన్నాను. ఆడు దిక్కులేని సావు సావాలన్నాను. ఇన్నేళ్లూ! అప్పుటికే సచ్చి బూడిదైపోనోణ్ణి! పక్కన కూకుని ఇన్నావు గదా నువ్వు. నా సేత ఎన్ని తిట్లు తిట్టించినావు నర్సన్నా! ఒక్కసారి నోరు ముయ్యే అనలేకపోనావా?"

వీధిలో ఎవరి ఫోనులోంచో ఆ సన్నటి గొంతు ఒక్కసారి వినబడి ఆగిపోయింది. ముగ్గురూ విన్నారు.

"అది ఆడి గొంతేనా?" అంది గౌరమ్మ. "నీ మిషనులో ఉందంటన్నావే, అది ఎయ్యి."

"వద్దత్తా. నువ్వు తట్టుకోలేవు."

"నాకాడ ఆడి ఫొటో కూడా సరిగ్గా లేదు. ఎయ్యి."

పైడితల్లి శ్రావణిని మంచం మీద పెట్టింది. తెర తిప్పేసింది, బొమ్మ కనబడకుండా. గొంతు మాత్రమే వచ్చింది. నర్సిగా అని పిలిచింది. ఊపిరాడటం లేదంది. గౌరమ్మ మొహంలో మొదట కనబడ్డది దుఃఖం కాదు, ఎరుక. ఇన్నేళ్ల తర్వాత కూడా గొంతు గుర్తుపట్టింది. ఆ తర్వాత "బేగిప్పండ్రా" అని వినబడగానే ఆమె మంచం మీంచి దిగ్గున లేచింది.

"ఇప్పండ్రా!" అని అరిచింది, గదిలో ఎవరో ఉన్నట్టు, యంత్రం మీదికి వంగి. "ఆడికి ఊపిరాడతలేదంటే ఇనిపించదేట్రా మీకు! ఇప్పండ్రా! ఎవుళ్లూ నేరా అక్కడ!"

పైడితల్లి మీట నొక్కి ఆపేసింది. ఇక ఉన్నదంతా ఊపిరే, మధ్యలో నాన్న గొంతు. గౌరమ్మ రొప్పుతోంది. మెల్లగా మళ్లీ మంచం మీద కూర్చుంది. గాజుల చేత్తో మొహం తుడుచుకుంది.

"ఎందుకాపినావు? అయిపోనాదా?"

"ఇంకా ఉంది అత్తా. మాటలేం లేవు. ఊపిరంతే."

"మరి ఎయ్యి."

"అత్తా..."

"అప్పుడు అంతమందుండి ఒక్కడూ ఇన్నేదు. ఆ సివర్న ఆడొక్కడే ఉన్నాడు. ఇప్పుడు నానుంటాను. సివరిదాకా ఇంటాను. ఎయ్యి."

పైడితల్లి తండ్రి వైపు చూసింది. నర్సయ్య గుమ్మంలోంచి లేవలేక, నేల మీదే పాక్కుంటూ వచ్చి గౌరమ్మ మంచం కోడు పట్టుకుని కూర్చున్నాడు. తల ఎత్తలేదు.

"ఎయ్యమ్మా," అన్నాడు. "దాని మద్దిలో నా గొంతుంటాది సెల్లీ. అదీ ఇను."

పైడితల్లి మీట నొక్కింది.